ఏప్రిల్‌లో ట్యాంకర్లు, సెప్టెంబర్‌లో సెల్లార్ నిండా నీళ్లు: హైదరాబాద్ నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ కేసు

ఈ కేసు నా దగ్గరికి వరద కేసుగానే వచ్చింది. 2023 సెప్టెంబర్ మొదటి వారం, ఆ వానలు మన వైపు వాళ్లెవరూ మర్చిపోయి ఉండరు, పొద్దున ఆరున్నరకి ఒక అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు ఫోన్ చేసి, "సార్, కింది సెల్లార్‌లో నడుం లోతు నీళ్లున్నాయి, కార్లు మునిగాయి, లిఫ్టులు ఆగిపోయాయి, ఎన్ని హెచ్‌పీ మోటార్లు పెట్టాలో వచ్చి చూసి చెప్పండి" అన్నారు. నేను పదహారేళ్లుగా ఈ నీళ్ల పనే చేస్తున్నా, డ్రైనేజీ, బోర్లు, ఇంకుడు గుంతలు, మురుగు నీళ్లు శుద్ధి చేసే ఎస్‌టీపీలు. మోటార్ హెచ్‌పీ చెప్పడానికి నేనెందుకు, మోటార్ల షాపువాడు చాలు. అయినా వెళ్లా.

వెళ్లేసరికి సీన్ ఏంటంటే, ర్యాంపు మీద నుంచి నాలుగు పైపులతో నీళ్లు బయట రోడ్డు మీదకి తోడుతున్నారు, అదే గేటు ముందు నీళ్ల ట్యాంకర్ లోపలికి రావడానికి హారన్ కొడుతోంది. తాగే నీళ్ల సంపు సెల్లార్‌లోనే ఉంది, అది వరద నీళ్లతో కలిసిపోయింది, అందుకని ట్యాంకర్ పిలిపించారు. వాచ్‌మన్ పైపులు తొక్కకుండా ట్యాంకర్‌ని ఎలా రానివ్వాలో తెలీక నిలబడ్డాడు. ఈ ఒక్క సీన్ చూస్తే మిగతా కేసంతా చెప్పక్కర్లేదు అనిపిస్తుంది గానీ, దాని వెనక ఉన్నది తేలడానికి నాకు రెండేళ్లు పట్టింది, మధ్యలో ఒక తప్పు కూడా చేశా, అదీ చెప్తా.

సైట్ సంగతి: 240 ఫ్లాట్లు, ఐదు బ్లాకులు, నాలుగున్నర ఎకరాలు, రెండంతస్తుల సెల్లార్. ఇళ్లు కట్టేటప్పుడు ఆ ఊరు పంచాయతీ, నిజాంపేట కార్పొరేషన్ అయింది 2019లో. అప్పటికే చుట్టూ పది అంతస్తుల బిల్డింగులు లేచాయి. అంటే ముందు ఇళ్లు, తర్వాత రోడ్డు, ఆ తర్వాత నీళ్ల లైను, అన్నిటికంటే ఆఖర్న మురుగు కాలువ, వాన నీళ్ల కాలువ గురించి అయితే ఎవరికీ గుర్తే లేదు. 2007లో పన్నెండు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేసినప్పుడు కూడా ఈ వైపు బయటే ఉండిపోయింది, కానీ ఐటీ ఉద్యోగాలకి దగ్గర, రేటు తక్కువ అని జనం మాత్రం ఆగలేదు.

ఆఫీసులో పాత ఫైల్ అడిగా. మేనేజర్ ఇచ్చిన ఒకే ఫైల్లో రెండు కొటేషన్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఆ ఏడాది ఏప్రిల్‌ది, నీళ్లు చాలట్లేదని కొత్తగా వెయ్యి అడుగుల బోర్లు మూడు వేయడానికి. వేశారు కూడా, రెండు ఎండు బోర్లు, ఒకదాంట్లో సన్న ధార. రెండోది సెప్టెంబర్‌ది, నీళ్లు ఎక్కువయ్యాయని, తోడి బయట పోసే డీవాటరింగ్ మోటార్లకి. బోరు కొటేషన్ ఇచ్చినాయనకి సెల్లార్ సంగతి ఎవరూ చెప్పలేదు, మోటార్ల ఆయనకి ట్యాంకర్ల సంగతి చెప్పలేదు, కమిటీలో కూడా వాటర్ చూసే మెంబర్ వేరు, సెల్లార్ పార్కింగ్ చూసే మెంబర్ వేరు.

ముందు లెక్క వేసుకుందాం అని కూర్చున్నా. మనిషికి రోజుకి 135 లీటర్లు మన దేశంలో ప్రమాణం, ఫ్లాటుకి నలుగురు అనుకుంటే రోజుకి లక్షా ముప్పై వేల లీటర్లు. ఇందులో పైపు నీళ్లు ముప్పై వేలు వస్తున్నాయి, ఏప్రిల్‌కి బోర్లన్నీ కలిపి పాతిక వేలకి పడిపోతున్నాయి, మిగతా డెబ్బై ఐదు వేలు ట్యాంకర్లే, అంటే పదివేల లీటర్లవి రోజుకి ఏడెనిమిది. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. నాలుగున్నర ఎకరాల మీద పడే మొత్తం వాన కోటిన్నర లీటర్ల దగ్గర ఉంటుంది, వీళ్లకి ఏడాదికి కావాల్సింది దాదాపు నాలుగు కోట్ల డెబ్బై లక్షలు. టెర్రస్‌ల మీద పడేదొక్కటే తీసుకుంటే వృథా అయ్యేది పోను నలభై లక్షల లీటర్లు, అంటే ఒక నెల వాడకం. ఇది ముందే చెప్పేస్తా నేను ఎప్పుడూ, ఎందుకంటే వాన నీళ్లు పట్టుకుంటే ట్యాంకరే అక్కర్లేదని వాట్సాప్‌లో ఫార్వర్డులు తిరుగుతుంటాయి, అది నమ్మి డబ్బు పెట్టినవాళ్లు మరుసటి వేసవిలో మనల్ని తిడతారు.

మరి అసలు విషయం ఎక్కడ దొరికిందంటే, నవంబర్‌లో. వానలు పోయి నెల దాటింది, నేను సెల్లార్‌లో డ్రైన్ పిట్లు కొలుస్తుంటే మోటార్ దానంతటదే ఆన్ అయ్యింది, పది నిమిషాలు నడిచి ఆగింది, కాసేపటికి మళ్లీ. ఇదేంటని ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "ఇది ఎప్పుడూ నడుస్తనే ఉంటది సార్, సంవత్సరం పొడుగునా" అన్నాడు. మోటార్ ఎంతసేపు నడుస్తోంది, ఒక్కో విడతకి ఎన్ని లీటర్లు తోడుతోంది అని రెండు రోజులు పుస్తకంలో రాయించా. రోజుకి 45 నుంచి 50 వేల లీటర్లు. ఊటనీళ్లు! గోడల్లోంచి, ఫ్లోర్ కింద నుంచి వచ్చే ఊట, దాన్ని తోడి బయట డ్రైన్లో పోస్తున్నారు, దానికి కరెంట్ బిల్లు కడుతున్నారు, మళ్లీ ఆ పక్క గేట్లోంచి ట్యాంకర్ కొంటున్నారు.

ఇది ఎందుకు అవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, హైదరాబాద్ పడమర వైపు సగం అపార్ట్‌మెంట్లది ఇదే కథ అని నా అనుమానం. మన కింద ఉన్నది గ్రానైట్. పైన మట్టి, మొరం, దాని కింద మెత్తబడిన రాయి, ఇంకా కింద గట్టి బండ. వాన నీళ్లు ఇంకి నిలిచేది ఎక్కువగా ఆ మొరంలో, మెత్తరాయిలో, అంటే పై నలభై యాభై అడుగుల్లో. పాత బావులన్నీ ఆ లోతువే. గట్టి బండలో అయితే పగుళ్లు ఉన్నచోటే నీళ్లు, లోతుకి పోయేకొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి, అందుకే వెయ్యి అడుగుల బోరు అంటే లాటరీ టికెట్టే. ఇప్పుడు మనం రెండు సెల్లార్లు అంటూ ఇరవై పాతిక అడుగులు తవ్వామంటే సరిగ్గా ఆ నీళ్లుండే పొరని నిలువునా కోశామన్నమాట. చుట్టుపక్కల నీళ్లు ఆ గొయ్యిలోకి దిగుతాయి. మీ సెల్లారే ఊళ్లోకెల్లా పెద్ద బావి, కాకపోతే దాంట్లో కార్లు పెట్టుకున్నారు అని కమిటీ మీటింగ్‌లో అంటే ఒకరిద్దరు నవ్వారు, మిగతావాళ్లకి కోపం వచ్చింది.

ఇంకుడు గుంతలు లేవా అంటే, ఉన్నాయి, పన్నెండు, ప్లాన్‌లో చూపించినన్నీ. ఏడు ఈశాన్యంలో ఉన్నాయి, వాస్తు ప్రకారం నీళ్లు అక్కడుండాలని. ఆ సైట్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోటు ఆ ఈశాన్యమే, అక్కడికి ఏ నీళ్లూ ఎక్కి రావు. మిగతా ఐదింటిలో రెండు బ్యాడ్మింటన్ కోర్టు కింద పూడిపోయాయి, మూడు కంకర నిండా బురద పట్టి గట్టిపడ్డాయి. టెర్రస్ పైపులు ఒక్కటి కూడా గుంతల్లోకి లేవు, అన్నీ నేరుగా డ్రైన్లోకే. వాస్తు మీద నాకేం పేచీ లేదు, కానీ వాలు ఎటుంటే నీళ్లు అటే పోతాయి కదా.

ఇదంతా ఊట సంగతి. వరద ఎక్కడ నుంచి వచ్చిందో తెలియాలంటే గేటు బయటికి వెళ్లాలి. నాలుగున్నర ఎకరాల మీద గంటకి 5 సెంటీమీటర్లు పడ్డా తొమ్మిది లక్షల లీటర్లే, నడుం లోతు సెల్లార్‌కి అవి చాలవు. వెనక కాంపౌండ్ గోడ ఒకచోట పది అడుగుల మేర పడిపోయి ఉంది, ఎవరిదో కారు గుద్దింది అనుకున్నారు. కాదు, నీళ్లు తోశాయి.

ఆ గోడ అవతల నుంచి పైకి నడిచా, రెండు ఆదివారాలు. ఎత్తుపల్లాలు, వాగులు చూపించే సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీటు, రెవెన్యూ గ్రామ నక్షా, గూగుల్ ఎర్త్‌లో పాత ఏడాదుల ఫొటోలు, మూడూ ముందేసుకుని. టోపోలో సన్నటి నీలం గీత ఒకటి సరిగ్గా సి బ్లాక్ మీద నుంచి పోతోంది, పైన ఒక చిన్న కుంట. గూగుల్‌లో పాత ఫొటోల్లో కుంట పచ్చగా ఉంది, తర్వాత సగం ఎర్రగా అయింది, ఆ తర్వాత ప్లాట్లు, రోడ్లు. ఇప్పుడు అక్కడ మిగిలింది అరెకరం బురద, గేదెలు పడుకుని ఉంటాయి. ఆ గేదెలు కాసే పెద్దాయన ఉన్నాడు, ఆ ఊరి పాత మనిషి, వాళ్ల నాయన చెరువుకి నీరటి పని చేసేవాడట, తూములు తీయడం, పొలాలకి నీళ్లు పెట్టడం. "గా కుంట నిండితె అలుగు వారేది సారూ, మీ గేటు ఉన్న కాడికెల్లే ఒర్రె వోయేది, కింద ఇంకో చెరువుల వడేది. మా బాయిల నీళ్లు చేతికందేటియి" అన్నాడు. అలుగు అంటే కుంట నిండాక నీళ్లు పొంగి పోయే చోటు, ఒర్రె అంటే చిన్న వాగు. మరి గోడ కట్టేటప్పుడు చెప్పలేదా తాతా అంటే, "చెప్తే ఇంటరా? మీరు కాయితాలు సూస్తరు, మేం జాగ సూస్తం" అన్నాడు. నిజమే, పర్మిషన్ కాయితాల్లో ఒర్రె లేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది. ఆ కుంటకి నీళ్లొచ్చే పై భూమి సుమారు నలభై ఎకరాలు. నలభై ఎకరాల మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 81 లక్షల లీటర్లు. కుంట పాత హద్దుల ప్రకారం రెండెకరాలు, సగటున మీటర్ లోతు అనుకుంటే పట్టేది ఎంత? అదే 81 లక్షల లీటర్లు. అంటే ఒక పెద్ద వాన మొత్తం ఆ కుంట మింగేసేది, మిగిలింది మెల్లగా అలుగు మీద నుంచి పోయేది, నిలిచినవి ఇంకి కింద బావుల్లోకి వచ్చేవి. అప్పట్లో పైన చెలకలు, అంటే మెట్ట పొలాలు కాబట్టి సగం నీళ్లు నేలలోనే ఇంకేవి కూడా. ఇప్పుడు కుంట పోయింది, పై నలభై ఎకరాలూ సీసీ రోడ్లు, టైల్స్, సెల్లార్లు. గంటకి 5 సెంటీమీటర్ల వానలో, ఇంకేది పోను, సెకనుకి 1,800 లీటర్లు కిందికి దూకుతాయి, రోడ్డు పక్కన వేసిన 600 ఎంఎం పైపు పట్టేది సెకనుకి 600 లీటర్లు. మిగతా 1,200 ఎటు పోవాలి? పాత ఒర్రె దారే పట్టాయి, అక్కడ గోడ అడ్డం, గోడ వెనక చెరువులా నిలిచి, గోడని తోసి, ర్యాంపులోకి దిగాయి. సెప్టెంబర్‌లో మునగడానికి, ఏప్రిల్‌లో ఎండడానికి కారణం ఆ రెండెకరాలే.

ఈ మాట జనరల్ బాడీలో చెప్పడానికి నాకు మూసీ దాకా వెళ్లాల్సి వచ్చింది. 1908 సెప్టెంబర్ 28 వరద తర్వాత ఇంజినీర్ విశ్వేశ్వరయ్యని పిలిపిస్తే ఆయన ఊళ్లో నదికి గోడలు కట్టి వదిలేయమనలేదు, పైన నీళ్లు ఆపమన్నాడు, అలా వచ్చినవే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వరద ఆపిన ఆ చెరువులే మన తాగే నీళ్లు అయ్యాయి. చెన్నై చూడండి, 2015 డిసెంబర్‌లో మునిగింది, 2019 వేసవికి రిజర్వాయర్లు ఎండిపోయి రైళ్లలో నీళ్లు తెచ్చుకున్నారు. జకార్తాలో పైపు నీళ్లు అందరికీ చాలక భూమిలోంచి తోడీ తోడీ నేలే కుంగింది, ఆ కుంగినచోటికి వరద ఇంకా ఎక్కువ వస్తోంది. 2050 నాటికి మన దేశం టౌన్లలో ఇంకో 40 కోట్ల మంది చేరతారని ఐక్యరాజ్యసమితి 2018 అంచనా, వాళ్లలో చాలామంది ఇలాంటి నిజాంపేటల్లోనే కదా ఉండేది. నేను ఇదంతా చెప్తుంటే వెనక వరసలోంచి ఒకాయన "మూసీ సంగతి తర్వాత సార్, నా కారు ఇన్సూరెన్స్ వస్తదా" అన్నాడు. ఆయన బాధ ఆయనది.

డబ్బు దగ్గర ఇంకో చిక్కు. ట్యాంకర్ ఖర్చు నెలవారీ మెయింటెనెన్స్‌లో పోతుంది, అది కట్టేది సగం ఫ్లాట్లలో అద్దెకున్నవాళ్లు. పనులకి ఒకేసారి పెట్టే డబ్బు మాత్రం ఓనర్లది, వాళ్లలో చాలామంది అమెరికాలో, బెంగళూరులో. ట్యాంకర్ హారన్ వినని మనిషికి ఇంకుడు గుంత ఎందుకో చెప్పడం చాలా కష్టం. ఓటింగ్ రెండుసార్లు వీగిపోయి మూడోసారి గట్టెక్కింది, అది కూడా కార్లు మునిగినవాళ్లు అమెరికా వాళ్లకి ఒక్కొక్కరికి ఫోన్లు చేస్తే.

చేసిన పనులు ఇవీ. మొదట ఊటనీళ్లు. వాటిని ల్యాబ్‌కి పంపితే నైట్రేట్ ఎక్కువ, కోలీఫారం బ్యాక్టీరియా కొంచెం, అంటే ఎక్కడో మురుగు కలుస్తోంది, తాగడానికి పనికిరావు. కానీ ఆ బిల్డింగులో ఫ్లష్‌కి వేరే లైను ముందే ఉంది, ఎస్‌టీపీ నీళ్లు వాసన వస్తున్నాయని ఎవరో దాన్ని బోరు నీళ్లకి కలిపేశారు. ఊటనీళ్లకి చిన్న ఫిల్టర్, క్లోరిన్ పెట్టి ఆ ఫ్లష్ లైనుకి, మొక్కలకి మళ్లించాం. మొత్తం కేసులో అన్నిటికంటే తక్కువ ఖర్చు, అన్నిటికంటే ఎక్కువ లాభం ఇదే. తర్వాత ఏ, బి బ్లాకుల టెర్రస్ పైపులు. మొదటి వాన మురికి పోయేలా వాల్వు, ఫిల్టర్, అక్కడి నుంచి కొత్తగా పైన కట్టిన సంపులోకి, నిండితే ఎండిన బోరులోకి. తాగే సంపుని సెల్లార్‌లోంచి బయటికి తెచ్చాం, కరెంట్ ప్యానెల్ని కూడా పైకి ఎత్తాం, ర్యాంపు మొదట్లో అడుగున్నర ఎత్తు హంప్.

ఒర్రె దారి కోసం పెద్ద గొడవ అయింది. బిల్డింగ్ కిందకి పోయిన దారి ఎలాగూ రాదు, పక్కన బిల్డింగుకి, గోడకి మధ్య వదిలిన సెట్‌బ్యాక్‌లో 1.2 మీటర్ల వెడల్పు, ముప్పావు మీటర్ లోతు కాలువ వేసి, వెనక గోడకి కంత పెట్టి, నీళ్లకి దారి ఇవ్వాలన్నా. అది ఫైరింజన్ తిరిగే దారి, మూసేయకూడదు, కాబట్టి ఫైరింజన్ బరువు మోసే జాలీలు వేశాం, ఖర్చు అక్కడే పెరిగింది. గోడకి కంత పెడితే పాములొస్తాయి, దొంగలొస్తారు అని నెల రోజులు వాదన. నీళ్లు తమంతట తాము కంత పెట్టుకున్నాయి కదా, ఆ పడిపోయిన పది అడుగులు, దానికే కడ్డీలు పెడదాం అంటే చివరికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా తప్పు. ఎండు బోరుని రీచార్జ్‌కి, అంటే వాన నీళ్లు భూమిలోకి పంపడానికి మార్చా అన్నా కదా, అది బి బ్లాక్ పక్కన, సెల్లార్ గోడకి అరవై అడుగుల దూరంలో. తేలిగ్గా అందుబాటులో ఉంది, పైపు ఖర్చు తక్కువ, అంతే ఆలోచించా. 2024 జులైలో వానలు మొదలవగానే సెల్లార్‌లో ఊట రెట్టింపు అయ్యింది, గోడ పగుళ్లలోంచి చెమ్మ కాదు, ధారలే. నేను ఒక పక్క నుంచి భూమిలోకి పంపిన నీళ్లు పైపొరలోనే పక్కకి నడిచి సెల్లార్‌లో తేలుతున్నాయి. గ్రూపులో వీడియోలు పెట్టారు, "కన్సల్టెంట్ గారి జలపాతం" అని. పది రోజులు రీచార్జ్ ఆపి చూస్తే ఊట తగ్గింది, ఇంక అనుమానం లేదు. ఆ బోరు మూసేసి, సెల్లార్‌కి దిగువన ఉన్న నైరుతి మూల ఎండు బోరుని తీసుకుని, ఎనభై అడుగుల దాకా కేసింగ్ పైపు దింపి పైపొరని మూసి, నీళ్లు నేరుగా కింద బండ పగుళ్లలోకి పోయేలా చేశా. ఫీజులో ఆ పని డబ్బు నేనే వదులుకున్నా. రెండు సెల్లార్లున్న చోట ఇంకుడు గుంత ఎక్కడ పెట్టాలన్నది ఇప్పుడు నేను అందరికంటే ముందు చూసే విషయం, మన దగ్గర డ్రాయింగుల్లో ఖాళీ ఎక్కడుంటే అక్కడ గుండ్రంగా గీసేస్తారు, నేనూ అదే చేశా.

ఫలితం ఏంటంటే, 2024 వానాకాలంలో పెద్ద వాన పడిన రాత్రి కింది సెల్లార్‌లో చీలమండ దాకా నీళ్లు, రెండు గంటల్లో తోడేశారు, కార్లకి ఏం కాలేదు. 2025 ఏప్రిల్‌లో రోజుకి ట్యాంకర్లు ఏడెనిమిది నుంచి నాలుగైదుకి వచ్చాయి. ఊటనీళ్లు ఎండాకాలంలో ఇరవై వేలకి తగ్గుతాయి, బోర్లు పాతిక వేల నుంచి ముప్పై ఐదు దాకా లేచాయి, ఆ పెరుగుదలలో రీచార్జ్ వాటా ఎంత, ముందటి ఏడాది వానల వాటా ఎంత అని అడిగితే ఒక్క ఏడాది లెక్కతో తేల్చి చెప్పడం కుదరదు. కనీసం మూడు ఎండాకాలాలు బోర్లలో నీటిమట్టం రాయండి అని పుస్తకం ఇచ్చా, రెండు నెలలు రాసి ఆపేశారు.

తేలనివి రెండున్నాయి. పైన మిగిలిన అరెకరం కుంట. రూల్ ప్రకారం పది హెక్టార్ల లోపు కుంటలకి ఎఫ్‌టీఎల్, అంటే కుంట నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు నుంచి 9 మీటర్లు ఖాళీగా, బఫర్‌గా వదలాలి, కానీ ఎఫ్‌టీఎల్ ఎక్కడ అన్నదే గీయకపోతే 9 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు? జాయింట్ సర్వే కోసం అసోసియేషన్ తరఫున దరఖాస్తు పెట్టించాం, ఆ పెద్దాయన కూడా వేలిముద్ర వేశాడు. 2024లో చెరువుల ఆక్రమణలు తీసేసే హైడ్రా వచ్చాక చెరువుల మాట అందరి నోట్లోనూ ఉంది, దాంతో ప్లాట్లు కొన్నవాళ్లకి భయం పట్టుకుంది, వాళ్లు కూడా అప్పు చేసి కొన్నవాళ్లే, మమ్మల్ని చూస్తే తలుపులేసుకుంటున్నారు.

రెండోది కింది కాలనీ. మేం కాలువ తీసి వదిలిన నీళ్లు ఇప్పుడు గోడ వెనక ఆగకుండా నేరుగా వాళ్ల వీధిలోకి పోతున్నాయి. జులైలో వాళ్లు పదిహేను మంది వచ్చి మా కమిటీని నిలదీశారు, వాళ్లది న్యాయమే, ఒర్రె వాళ్ల దగ్గర కూడా పూడిపోయింది, కింద చెరువు దాకా దారి లేదు. పార్కు కింద ఐదు లక్షల లీటర్ల ట్యాంకు కట్టి, వాన ఉధృతిలో కొంత ఆపి తర్వాత మెల్లగా వదులుదామని నా ప్రపోజల్. 81 లక్షల ముందు ఐదు లక్షలు ఏమూలకని వాళ్లే లెక్కేసి అడిగారు. ట్యాంకు మొదటి ఓటింగ్‌లో వీగిపోయింది, పిల్లల ఉయ్యాలలు తీసేయాల్సి వస్తుందని. రెండు కమిటీలూ కలిసి కూర్చునే మీటింగ్ ఇంకా జరగలేదు, ఎవరి కాలనీలో పెట్టాలో తేలక.